ఆరు వారాల బాబు, మూడు పాలడబ్బాలు, లేసుదారం ముడులు

మే నెల రెండో వారం. కాలువలు కట్టేశారు, ఎండ మండిపోతోంది. సఖినేటిపల్లి అవతలి ఒక ఊరి నుంచి పంటు మీద వశిష్ఠ గోదావరి దాటి, నరసాపురం రేవులో దిగి, ఆటో కట్టించుకుని నా క్లినిక్కి ముగ్గురొచ్చారు: 22 ఏళ్ళ తల్లి, ఆమె తల్లి, 45 రోజుల బాబు. తండ్రి కువైట్‌లో డ్రైవరు. బాబుని ఇంకా ఫోన్లో చూడ్డమే గానీ ఎత్తుకోలేదు.

కూర్చుంటూనే అమ్మమ్మ చేతిసంచిలోంచి మూడు డబ్బాలు తీసి నా బల్ల మీద వరసగా పెట్టింది. "ఇయ్యి మూడూ అయిపోయాయండి డాక్టరమ్మగారూ. దేనికీ ఆగట్లేదండి పిల్లోడు. తాగిందల్లా కక్కేత్తాడు, దీపాలెట్టే ఏళకి మొదలెట్టి గుక్కెట్టి ఏడుత్తాడు. ఇంక మంచి డబ్బా ఏదో మీరే రాయాలండి."

నా ప్రాక్టీసులో నేను ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇదే. ఏ డబ్బా? ఈ కేసు రాయడానికి కారణం కూడా అదే. ఆ ప్రశ్నకి జవాబు చెప్పే ముందు అడగాల్సినవి చాలా ఉన్నాయి. వాటిలో ఒకటి అడగడం నేనే మర్చిపోయాను, దానికి బాబు మూడు రాత్రులు బాధపడ్డాడు. కుటుంబం అనుమతితోనే రాస్తున్నాను, వాళ్ళని గుర్తుపట్టే వివరాలు మార్చాను. ఏ డబ్బా పేరూ రాయను. శిశువుల పాలడబ్బాల ప్రచారాన్ని నిషేధిస్తూ 1992లో వచ్చి, 2003లో మరింత గట్టిపడిన చట్టం మనకుంది. చట్టం లేకపోయినా రాసేదాన్ని కాదు. ఇది చదివి ఎవరైనా తిన్నగా మందుల షాపుకెళ్ళి ఫలానా డబ్బా ఇమ్మని అడగడం నాకిష్టం లేదు.

పుట్టినప్పటి నుంచీ

నెలలు నిండిన కాన్పు, ఆపరేషన్. పుట్టిన బరువు 3 కిలోలు. మొదటి పది రోజులూ తల్లిపాలే. పన్నెండో రోజున తల్లికి కుడి రొమ్ములో గడ్డ లేచి చీము పట్టింది. కోసి చీము తీశారు. అది చేసిన చోట "పాలివ్వొద్దు" అని ఒక్క ముక్క చెప్పారట. కుడివైపా, రెండు వైపులా, ఎన్నాళ్ళు అన్నది ఎవరూ చెప్పలేదు, వీళ్ళూ అడగలేదు. రెండు వైపులా ఆపేశారు. రొమ్ములో చీముగడ్డ వచ్చినా రెండో వైపు బిడ్డకి ఇస్తూనే ఉండొచ్చు. కోత చనుమొనకి దూరంగా ఉంటే, నొప్పి భరించగలిగితే, ఆ వైపు కూడా ఇవ్వొచ్చు. లేదంటే పిండి తీసేయాలి. చాలా కేసుల్లో డబ్బా ఇంట్లోకి అడుగుపెట్టేది ఇలా సగంలో ఆగిపోయిన మాట వల్లనే. రాత్రిపూట బాబు మరీ ఏడిస్తే ఎడమవైపు కాసేపు పట్టిస్తోంది, అంతే.

రెండో వారం నుంచి పోతపాలు. మూడో వారంలో ఏడుపు మొదలైంది. ముందు గ్రైప్ వాటర్ పోశారు. తర్వాత వస కొమ్ము అరగదీసి నాకించారు, వాము నీళ్ళు పట్టారు. తర్వాత గ్యాస్ చుక్కలు. ఎవరో లాక్టోజ్ (పాలలో ఉండే చక్కెర) లేని డబ్బా పట్టమన్నారు, అయిదు రోజులు పట్టారు. ఇంకెవరో సోయా డబ్బా అన్నారు, అదొక వారం. ఊళ్ళో వైద్యం చేసే ఆయన ఒక చుక్కల మందు ఇచ్చాడు. సీసా తెచ్చారు గనక చదివాను. అందులో డైసైక్లోమిన్ ఉంది. ఆరు నెలల లోపు పిల్లలకి అది ఇవ్వనే కూడదు, ఊపిరి ఆగే ప్రమాదముంది. అదృష్టం, రెండు రోజులు వేసి "మత్తుగా పడుంటున్నాడు" అని అమ్మమ్మే ఆపేసింది. ఆ ఒక్క పనికి ఆవిడకి రెండు చేతులూ జోడించాను.

కక్కడం రోజుకి ఎనిమిది, తొమ్మిది సార్లు. ఒక్కోసారి ముక్కులోంచి కూడా. పాలు, పెరుగు తరకల్లా. ఆకుపచ్చగా ఎప్పుడూ లేదు, నెత్తుటి చార లేదు, గోడకి కొట్టినట్టు దూరంగా చిమ్మడం లేదు. జ్వరం లేదు. దొడ్డికి రోజూ అవుతోంది.

చూసినప్పుడు

ఏడిచే పిల్లాణ్ణి చూసేటప్పుడు నాకు ఒక నియమం ఉంది: మొలతాడుతో సహా అన్నీ తీయించి చూస్తాను. గజ్జల్లో వరిబీజం ఇరుక్కుందా, వృషణాలు సరిగా ఉన్నాయా, కాలివేళ్ళకి గానీ చుల్లికి గానీ తల వెంట్రుక చుట్టుకుందా, కంట్లో గీత పడిందా, చెవిలో చీముందా, మాడు ఉబ్బిందా. వెంట్రుక చుట్టుకుని వేలు కమిలిపోయిన బిడ్డని కూడా "గ్యాస్ అండి" అని తెచ్చినవాళ్ళున్నారు. ఈ బాబుకి ఇవేవీ లేవు. కడుపు మెత్తగా ఉంది. పాలు పట్టి, కడుపు మీద చెయ్యి వేసి చూశాను. మూడు నుంచి ఆరు వారాల వయసులో, ముఖ్యంగా మొదటి మగపిల్లల్లో, కడుపు నుంచి పేగులోకి వెళ్ళే ద్వారం కండ పెరిగి మూసుకుపోయే జబ్బు వస్తుంది. ఆ బిడ్డ చిమ్ముతూ కక్కుతాడు, బరువు తగ్గిపోతాడు. ఈ బాబు లక్షణం దానికి పూర్తిగా ఎదురు.

బరువు 4.72 కిలోలు. టీకాల కార్డులో 14వ రోజు బరువు 3.05 అని ఉంది. అంటే 31 రోజుల్లో 1,670 గ్రాములు, రోజుకి 54 గ్రాముల లెక్క. ఈ వయసులో రోజుకి 25 నుంచి 35 గ్రాములు పెరిగితే మనం సంతోషిస్తాం. తాగిందంతా కక్కేస్తున్నాడని చెప్పిన బిడ్డ ఇంత ఒళ్ళు ఎలా చేశాడు? ఆ అంకె దగ్గరే నా కలం ఆగింది. మూత్రం పరీక్ష చేయించాను, బాగుంది. రక్తంలో సోడియం, అంటే ఉప్పు, 147 వచ్చింది. పై హద్దు 145.

సీసా కలిపి చూపించమన్నాను

"పిన్నిగారూ, ఇంట్లో ఎలా కలుపుతారో ఇక్కడ నా ముందు కలపండి" అన్నాను. క్లినిక్లో ఒక ఎలక్ట్రిక్ కెటిల్, మూత ఉన్న గిన్నె దీనికోసమే పెట్టుకున్నాను. నోటితో చెప్పించుకుంటే అందరూ సరిగ్గానే చెబుతారు. చేతులు వేరే కథ చెబుతాయి.

ఆవిడ సీసాలో ముందు పొడి వేసింది. నాలుగు చెంచాలు, గోపురంగా, నొక్కి. తర్వాత "బలానికండి" అని ఇంకొకటి. ఆ పైన 120 గీత దాకా నీళ్ళు పోసింది. ఆ డబ్బా మీద రాసిన పద్ధతి వేరు: ముందు 120 మిల్లీలీటర్ల నీళ్ళు కొలిచి, అందులో తలకొట్టిన చెంచాలు నాలుగు. లెక్క కట్టి చూస్తే ఆవిడ కలిపిన పాలు ఉండాల్సిన దానికన్నా మూడో వంతుకి పైనే చిక్కన. అలాంటి సీసాలు రోజుకి తొమ్మిది. 1,080 మిల్లీలీటర్లు. ఈ బరువు బిడ్డకి కిలోకి 150 చొప్పున సుమారు 700 సరిపోతాయి.

చిక్కటి పాలు కడుపులో ఎక్కువసేపు నిలవుంటాయి. నిండిన కడుపు మీద ఇంకో సీసా పడుతుంది. ఈ వయసులో అన్నవాహిక కింది ముడి ఇంకా గట్టిపడలేదు, తాగేదంతా ద్రవం, బిడ్డ ఎప్పుడూ పడుకునే ఉంటాడు. పొంగి వచ్చేయక ఏం చేస్తుంది? ఇంకో సంగతి కూడా ఉంది. చిక్కటి పాలలో ఉప్పు ఎక్కువ, ఎండాకాలం చెమట ఎక్కువ. బిడ్డకి దాహం వేస్తుంది. దాహానికి ఏడిస్తే ఆకలనుకుని మళ్ళీ చిక్కటి సీసానే నోట్లో పెడతారు. సోడియం 147 చెప్పింది అదే. ఇంకో పది రోజులు ఇలాగే గడిస్తే నేను ఈ కేసు వేరేగా రాయాల్సి వచ్చేది.

నీళ్ళ గురించి కూడా అడిగాను. సముద్రం దగ్గరి ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. కాలువలు కట్టేసిన రోజుల్లో చెరువు నీళ్ళు అడుగంటుతాయి. వీళ్ళు టిన్ను నీళ్ళు కొంటున్నారు, అది మంచిదే. అయితే "ఫిల్టరు నీళ్ళే కదండీ" అని కాచడం లేదు. టిన్ను నీళ్ళు కూడా మరగకాచాలి. రాత్రికి కావలసిన పాలన్నీ ఒకేసారి కలిపి ఫ్లాస్కులో పోసి ఉంచుతున్నారు. గోరువెచ్చటి పాలు క్రిములకి పుట్టిల్లు. కలిపిన పాలు రెండు గంటలు దాటితే పారబోయాల్సిందే. ఫ్లాస్కులో వేడినీళ్ళు ఉంచుకోండి, పాలు కాదు అన్నాను.

ఆవిడ ముఖం చిన్నబోయింది. "నేనే పాడు చేశానాండీ పిల్లోణ్ణి?" అంది. కూతురి కళ్ళల్లో నీళ్ళు. ఆ మాట అలా గాల్లో వదిలేసి కింది మాటలు చెబితే ఎవరికీ ఎక్కవు. "పిన్నిగారూ, మీరు పిల్లాడికి పెట్టారు, ఎండగట్టలేదు. డబ్బా మీద అక్షరాలు చీమతలకాయలంత ఉన్నాయి, మీకెవరూ చదివి చెప్పలేదు" అన్నాను. అది ఓదార్పు కోసం అన్నది కాదు. నిజమే అది.

మొదటి రోజు డబ్బా రాయలేదు

పాలు కక్కడానికీ, సాయంత్రం ఏడుపుకీ ఒకే జబ్బు పేరు పెట్టేస్తాం మనం, "గ్యాస్" అని. అవి రెండు వేర్వేరు సంగతులు. రోజుకి మూడు గంటలకి పైగా, వారంలో మూడు రోజులకి పైగా, మూడు వారాలు మించి ఏడిస్తే కోలిక్ అని వెసెల్ అనే వైద్యుడు 1954లో గీత గీశాడు. 2016లో జీర్ణకోశ నిపుణుల బృందం ఇచ్చిన రోమ్ నిర్వచనం ఆ గంటల లెక్క పక్కన పెట్టి, ఆరోగ్యంగా ఉన్న అయిదు నెలల లోపు బిడ్డ కారణం కనబడకుండా, ఊరుకోబెట్టినా ఊరుకోకుండా మళ్ళీ మళ్ళీ చాలాసేపు ఏడవడం అంది. అసలు ఏ జబ్బూ లేని పిల్లలు కూడా ఆరో వారంలో రోజుకి సగటున రెండు మూడు గంటలు ఏడుస్తారని, అందులో సాయంత్రపు ఏడుపే ఎక్కువని, బ్రాజెల్టన్ అనే పిల్లల వైద్యుడు 1962లోనే తల్లుల చేత రాయించి చూపించాడు. మూడు నాలుగు నెలలకి అది దానంతటదే తగ్గుతుంది. కక్కడం అలా కాదు. అది నాలుగో నెల దాకా పెరిగి, ఏడాది లోపు చాలామందిలో ఆగిపోతుంది. రెండింటి గడియారాలు వేరు. ఒక డబ్బా రెండింటినీ ఆపుతుందని ఎవరైనా చెబితే నేను నమ్మను.

లాక్టోజ్ లేని డబ్బా సంగతి చూడండి. తల్లిపాలలో నూరు మిల్లీలీటర్లకి సుమారు 7 గ్రాముల లాక్టోజ్ ఉంటుంది. పుట్టుకతో దాన్ని అరిగించుకోలేని బిడ్డ చాలా చాలా అరుదు, ఉంటే మొదటి రోజుల్లోనే నీళ్ళ విరేచనాలతో కనబడిపోతాడు. ఈ బాబు పగలు లాక్టోజ్ లేని డబ్బా తాగుతూ రాత్రి తల్లి దగ్గర లాక్టోజ్ తాగాడు. సోయా అయితే ఆరు నెలల లోపు ప్రత్యేకమైన కారణం లేకుండా పట్టకూడదు.

అందుకే ఆ రోజు కొత్త డబ్బా ఏదీ రాయలేదు. మొదటి మామూలు డబ్బాకే వెనక్కి వెళ్ళాం. 90 మిల్లీలీటర్లు, ఎనిమిది సార్లు. ముందు నీళ్ళు, తర్వాత చాకు వెనకతో తలకొట్టిన చెంచా, 30 మిల్లీలీటర్లకి ఒకటి. అమ్మమ్మ చేత మూడుసార్లు కలిపించాను. సీసా నిలువుగా ఎత్తకుండా అడ్డంగా పట్టడం, మధ్యలో ఆపి తేన్పించడం, తాగాక ఇరవై నిమిషాలు భుజాన వేసుకోవడం చూపించాను. చీర ఉయ్యాల పగటి నిద్రకి కూడా మాన్పించాను. అందులో బిడ్డ విల్లులా వంగి, కడుపు మడతపడి పాలు పైకి వస్తాయి. పాలు తాగాక నలుగు పెట్టి కాళ్ళ మీద బోర్లా వేసి పోసే స్నానం, తాగక ముందుకి మార్చాం. సాంబ్రాణి పొగ వద్దన్నాను. పొర పోతుందని పక్కకి తిప్పి పడుకోబెడుతున్నారు. వెల్లకిలే పడుకోబెట్టాలి, కక్కే బిడ్డనైనా సరే. వెల్లకిలా ఉన్నప్పుడు ఊపిరి గొట్టం పైన, అన్నవాహిక కింద ఉంటాయి, పైకి వచ్చిన పాలు తిరిగి కిందికే జారతాయి. ఇది కాగితం మీద బొమ్మ గీసి చూపిస్తేనే అమ్మమ్మలు ఒప్పుకుంటారు.

చుక్కలన్నీ ఆపించాను. గ్యాస్ చుక్కల్లో ఉండే సిమెథికోన్ మందు లేని ఉత్త చుక్కల కన్నా మేలు చేసినట్టు పరీక్షల్లో తేలలేదు. ఆమ్లం తగ్గించే మందు గానీ, వాంతులకి వాడే డాంపెరిడోన్ గానీ నేను రాయలేదు. బరువు బాగా పెరుగుతూ ఊరికే కక్కే బిడ్డకి ఆమ్లం మందులు వద్దని 2018లో యూరప్, ఉత్తర అమెరికా పిల్లల జీర్ణకోశ వైద్యులు కలిసి ఇచ్చిన మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి.

తల్లితో విడిగా పది నిమిషాలు మాట్లాడాను. రాత్రి పదకొండు దాకా ఏడిచే బిడ్డ, దూరాన భర్త, మానుతున్న రెండు కోతలు. "ఒక్కోసారి వాడి గొంతు వింటే పారిపోవాలనిపిస్తుందండి మేడమ్" అంది. అలా అనిపించడం తప్పు కాదమ్మా అన్నాను. మరీ తట్టుకోలేనప్పుడు బాబుని మంచం మీద వెల్లకిలా భద్రంగా పడుకోబెట్టి, పక్క గదిలోకి వెళ్ళి ఒక గ్లాసు మంచినీళ్ళు తాగి రావాలి. ఎంత కోపం వచ్చినా బిడ్డని కుదపకూడదు. అంత లేత మెడ మీద తల ఊగితే మెదడులో నెత్తురు కారుతుంది. కోలిక్ బిడ్డ ఉన్న ప్రతి ఇంట్లో ఈ మాట చెబుతాను, ఎంత ప్రేమగల తల్లి అయినా సరే.

కుడివైపు గాయం దాదాపు మానింది. రెండు వైపులా ప్రతి సీసాకి ముందు బాబుకి పట్టించమన్నాను, పాలు వచ్చినా రాకపోయినా. "పాలసొర చేప వండి పెడతన్నానండి రోజూ" అంది అమ్మమ్మ. పెట్టండి, బాలింతకి మంచి తిండి అది. కానీ పాలు పెరిగేది బిడ్డ చప్పరిస్తేనే.

ఇంక లెక్క ఎవరు రాస్తారు? తల్లి ఫోన్లో ఏడుపు గంటలు రాస్తానంది. అమ్మమ్మకి చదువు రాదు. కానీ ఆవిడ నలభై ఏళ్ళుగా లేసు అల్లుతోంది, కుట్లు లెక్కపెట్టడంలో ఆవిడ వేళ్ళు తప్పవు. "కక్కినప్పుడల్లా దారానికో ముడేత్తానండి" అంది తనంతట తనే. రోజుకో దారం.

పదో రోజు

కాగితం సంచిలో పది దారాలు తెచ్చింది. మొదటిదానికి తొమ్మిది ముడులు, చివరిదానికి ఆరు. ఏడుపు అయిదు గంటల నుంచి మూడున్నరకి వచ్చింది. బరువు 4.96, అంటే రోజుకి 24 గ్రాములు. సోడియం 140. చిక్కదనం సరిచేస్తే ఇంత వచ్చింది, డబ్బా మారకుండానే.

కానీ ఆరు ముడులు ఆరు ముడులే. తాగిన ప్రతిసారీ వంకర్లు తిరుగుతున్నాడు, ముక్కులోంచి వస్తే ఉక్కిరిబిక్కిరై భయపడుతున్నాడు, ఆ భయంతో తల్లి సీసా తాకడానికే వెనకాడుతోంది. ఇక్కడ ప్రత్యేక ఫార్ములాకి, అంటే ప్రత్యేకంగా చేసిన డబ్బాపాలకి, ఒక చోటుంది అనిపించింది. అన్ని కొలతలూ సరిచేశాక, తల్లిపాలు ఇంకా పూర్తిగా రాని మధ్యకాలానికి, రెండు వారాల గడువు పెట్టి.

ఏది? ఏడుపు కోసం అని అమ్మేవాటిలో ప్రోటీన్‌ని పాక్షికంగా విడగొట్టి, లాక్టోజ్ తగ్గించినవి ఉంటాయి. వాటికి ఆధారాలు బలహీనం. పాల ఎలర్జీకి అవి పనికిరావు కూడా. ఆవుపాల ఎలర్జీ అనుమానిస్తే ప్రోటీన్‌ని బాగా చిన్న ముక్కలుగా విడగొట్టిన డబ్బా రెండు నుంచి నాలుగు వారాలు పట్టి, తగ్గితే మళ్ళీ మామూలు పాలు ఇచ్చి తిరగబెడుతుందో లేదో చూడాలి. బాబుకి చర్మం మీద ఎగ్జిమా (దురద పెట్టే ఎర్రమచ్చలు) లేదు, దొడ్డిలో నెత్తురు లేదు, ఇంట్లో ఉబ్బసం గానీ ఎలర్జీ గానీ ఎవరికీ లేదు. ఆ డబ్బా ఖరీదు మామూలుదానికి రెండు మూడు రెట్లు, రుచి చేదు. దాన్ని పక్కన పెట్టాను, మనసులోంచి తీసేయలేదు.

మిగిలింది చిక్కబరిచిన ఫార్ములా. కక్కడం తగ్గించడానికి చేసినది. కొన్నింట్లో బియ్యం లేదా మొక్కజొన్న పిండిపదార్థం ఉంటుంది, అది కడుపులోని ఆమ్లం తగిలాక గట్టిపడుతుంది. కొన్నింట్లో క్యారబ్ అనే చెట్టు గింజల జిగురు ఉంటుంది, అది సీసాలోనే చిక్కబడుతుంది, అరగదు. నెలలు నిండి పుట్టిన పోతపాల బిడ్డల్లో చిక్కబరిచిన పాలు రోజుకి దాదాపు రెండుసార్ల కక్కుడు తగ్గిస్తాయని అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నీ కలిపి చూసిన 2017 కాక్రేన్ సమీక్ష తేల్చింది. రెండుసార్లు, అంతే. అద్భుతం కాదు, కానీ ఆ తల్లికి ఆ రెండూ కావాలి. నెలలు నిండని పిల్లలకి మాత్రం చిక్కబరిచేవి పట్టకూడదు. ఇంట్లో గంజి కలిపి చిక్కబరచడం కూడా వద్దు, ఎంత కలిపారో, ఎంత బలం పెరిగిందో లెక్క ఉండదు. మళ్ళీ మొదటికొస్తాం.

జిగురు రకం రాశాను. ఆ డబ్బా కొలతలు చదివి చెప్పాను, తల్లి రాసుకుంది. రెండు వారాలకి రమ్మన్నాను.

మూడో రాత్రి ఫోను

రాత్రి పదకొండుంపావుకి ఫోను. వెనకాల బాబు గుక్క వినిపిస్తోంది. "మేడమ్, ఈ డబ్బా మొదలెట్టాక ఇంకా ఎక్కువైంది. ఆరు గంటలయింది, ఆపట్లేదు. ఆస్పత్రికి తీసుకురమ్మంటారా?" ఆ వేళకి పంటు ఉండదు. చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి రావాలి.

ముందు ప్రమాద సూచనలన్నీ అడిగాను. జ్వరం లేదు, ఆకుపచ్చ వాంతి లేదు, కడుపు ఉబ్బి గట్టిగా లేదు, ఉచ్చ పోస్తున్నాడు. వీడియో కాల్ చేసి సీసా చూపించమన్నాను. బాబు చప్పరిస్తుంటే సీసా పీక (నిపుల్) చదునుగా నొక్కుకుపోతోంది. పాలు రావట్లేదు. పీక అడుగున తెల్లటి ఉండలు.

అప్పుడు తెలిసింది నేను చేసిన తప్పు. డబ్బా పేరు రాశాను, పీక సంగతి రాయలేదు. చిక్కటి పాలు అప్పుడే పుట్టిన పిల్లల సీసా పీకలోంచి రావు. బాబు ఒక్కో సీసాకి నలభై నిమిషాలు చప్పరించి, పాలకన్నా గాలి ఎక్కువ మింగి, సగం ఆకలితో అలిసి ఏడుస్తున్నాడు. పైగా నేను మొదటి రోజు "మరగకాచిన వేడినీళ్ళు" అని గట్టిగా చెప్పాను గనక వాళ్ళు దీన్నీ మరుగుతున్న నీళ్ళతోనే కలిపారు. ఈ రకం డబ్బా మీద మరగకాచి చల్లార్చిన గోరువెచ్చటి నీళ్ళతో కలపమని ఉంది. వేడి ఎక్కువైతే జిగురు ఉండ కడుతుంది. డబ్బా మారితే కలిపే పద్ధతీ మారుతుంది. ఆ మాట నేను విడదీసి చెప్పలేదు.

"సూది కాల్చి పీక బెజ్జం పెద్దది చేసెయ్యనాండీ?" అని వెనక నుంచి అమ్మమ్మ అడిగింది. వద్దన్నాను. కాల్చిన బెజ్జం ఎంత అవుతుందో తెలియదు, ధార ఎక్కువై పొర పోతుంది. ఆ రాత్రికి ఇంట్లో ఉన్న మామూలు డబ్బానే, 90, పాత పద్ధతిలో. ముందు తల్లి దగ్గర పట్టించమన్నాను. తాగి, తేన్చి, పన్నెండున్నరకి పడుకున్నాడని మెసేజ్ వచ్చింది. పొద్దున్నే తల్లి తమ్ముడు నరసాపురం వచ్చి చిక్కటి పాలకోసం చేసిన, కొనకి మూడు చీలికల కోత ఉన్న పీక తీసుకెళ్ళాడు. అప్పటినుంచి చిక్కబరిచిన ఫార్ములా రాస్తే పీక, నీళ్ళ వేడి, కలిపాక ఆగాల్సిన నిమిషాలు ముద్రించిన చీటీ చేతిలో పెడుతున్నాను.

పదో వారం, ఆ తర్వాత

పదో వారానికి ముడులు రెండు, మూడు. ముక్కులోంచి రావడం ఆగింది. దొడ్డికి మెత్తగా, జిగురుగా, పచ్చగా నాలుగైదుసార్లు అవుతోందని కంగారుపడ్డారు. అరగని జిగురు అలాగే బయటికొస్తుంది, విరేచనాలు కావు అని చెప్పాను. పిండిపదార్థం రకం అయితే దీనికి ఎదురు, మలబద్ధం చేస్తుంది.

ఏడుపు మాత్రం మూడు గంటల దగ్గరే నిలిచింది. డబ్బా కక్కడాన్ని తగ్గించింది, సాయంత్రాన్ని తాకలేదు. ఇక్కడే మనుషులు జారతారు. "సగం ఇదీ, సగం ఇంకొకటీ కలిపితే?" అని పొరుగావిడ సలహా. ఈలోగా కువైట్ నుంచి సెలవు మీద వచ్చిన ఒకాయన చేతికి తండ్రి పెద్ద డబ్బా ఇచ్చి పంపాడు. పిల్లాడి కోసం నెల జీతంలోంచి కొన్నది, పక్కన పెట్టమని చెప్పడం నాకూ కష్టంగానే ఉంది. వీడియో కాల్‌లో తండ్రితో మాట్లాడాను. కొన్ని డబ్బాల్లో చెంచా 30 మిల్లీలీటర్లకి, కొన్నింట్లో 60కి. ఆ 60 చెంచా వంటింట్లో మిగిలి పాత డబ్బాలో పడితే పాలు రెట్టింపు చిక్కనవుతాయి. "అర్థమైందండి, మూత తీయొద్దని చెప్తాను" అన్నాడు. తర్వాత "వాడు ఎందుకేడుస్తున్నాడండి మరి?" అని అడిగాడు. ఆరోగ్యంగా ఉన్నాడు, ఎదిగే మెదడు ఇంకా సర్దుకోలేదు, ఇంకో నెలలో తగ్గుతుంది, మీ ఆవిడకి సాయంత్రం ఆ వేళకి రోజూ ఫోన్ చేయండి అన్నాను. ఆయన చేశాడట, నెలంతా. ఆ గంటసేపు అమ్మమ్మ బాబుని భుజాన వేసుకుని వరండాలో తిరిగేది, కూతురు స్నానం చేసి అన్నం తినేది.

పదకొండో వారంలో ఒకసారి ఎలర్జీ డబ్బా పట్టి చూద్దామా అని నాకే మనసు ఊగింది. మళ్ళీ ఒళ్ళంతా చూసి, దొడ్డి పరీక్ష చూసి ఆగాను. పన్నెండో వారానికి ఏడుపు గంటన్నర. పదమూడుకి ముప్పావు గంట. ఆ వారంలో నేను డబ్బా మార్చి ఉంటే ఈ మార్పంతా దాని ఖాతాలో పడేది, ఆ ఖరీదైన డబ్బా ఏడాది దాకా ఆ ఇంట్లో ఉండిపోయేది.

తల్లిపాలు ఎనిమిదో వారం నుంచి కనబడేలా పెరిగాయి. సీసాలు ఎనిమిది నుంచి ఆరు, పద్నాలుగో వారానికి నాలుగు. అప్పుడు చిక్కబరిచినది ఆపేశాం, రోజుకో సీసా చొప్పున మామూలుదానికి మార్చి. ముడులు మళ్ళీ నాలుగయ్యాయి. తల్లి కంగారుగా ఫోన్ చేసింది. కక్కాక ఏం చేస్తున్నాడు అని అడిగాను. "నవ్వుతున్నాడండి" అంది. అయితే తుడిచేయండి అన్నాను. నాలుగో నెల చివరికి పగలు ఒక్క సీసా మిగిలింది, అయిదో నెలలో అదీ పోయింది.

ఆరు నెలలకి టీకాకి వచ్చినప్పుడు బరువు 7.7 కిలోలు, ఉగ్గు మొదలెట్టారు. కక్కడం రోజుకి ఒకటో రెండో, ఏడో నెల దాటాక అదీ లేదు. ఆ రోజు అమ్మమ్మ సంచిలో డబ్బాలు లేవు. తెల్ల లేసుతో అల్లిన చిన్న టోపీ తీసి బాబు తలకి పెట్టింది. "ఆ ముడుల దారాలు పారెయ్యలేదండి. ముడులిప్పి ఇందులోనే అల్లేశాను" అంది.